మావ కూత, అత్త కంచం

మా అత్త కూర్మమ్మ కంచం వంటింట్లో పీట మీద ఎప్పుడూ బోర్లించి ఉండేది. తెల్ల మంగు కంచం, అంచు చుట్టూ నీలం గీత, ఒకచోట పెచ్చు ఊడి నల్లమచ్చ. మావ రైలుబండి తోలడానికి వెళ్ళిన రోజు ఆవిడ పొద్దున్నే ఇంత గంజి తాగి, ఆ కంచం కడిగి బోర్లించేది. సాయంత్రం మావ ఇంజను కూత కూశాకే దాన్ని మళ్ళీ వెల్లకిలా తిప్పేది. అప్పటిదాకా మంచినీళ్ళు తప్ప ఇంకేమీ ముట్టేది కాదు.

నేను కోడలిగా వచ్చిన వారానికే ఒక ఘనకార్యం చేశాను. పెద్దావిడ పొద్దుటినుంచి చాకిరీ చేస్తోంది, ఆకలి కాదా అని మధ్యాహ్నం ఆ కంచం తిప్పి, అన్నమూ నెత్తళ్ళ చేపల పులుసూ వడ్డించి ముందు పెట్టాను. ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కంచం వైపు ఒకసారి చూసి, గోడకి చేరగిలబడి, మావ బండి వచ్చేదాకా మాట్లాడలేదు. వచ్చాక చల్లారిపోయిన ఆ అన్నమే తిన్నది.

సంగతేమిటో తరవాత మా ఆయన జయరామ్ చెప్పాడు. మా మావ అప్పలసామి మలయా రైల్వేలో డ్రైవరు. కౌలాలంపూర్ నుంచి గెమాస్ దాకా పాసింజరు బండి తోలేవాడు. తెల్లదొరలు మలయాలో పెట్టిన ఎమర్జెన్సీ మొదలైన మూడో ఏడో నాలుగో ఏడో, తంపిన్ అవతల రబ్బరు తోటల మధ్య కొండవాళ్ళు పట్టాల బోల్టులు విప్పేశారు. కొండవాళ్ళంటే అడవిలో ఉండి ప్రభుత్వంతో పోట్లాడే కమ్యూనిస్టులు, మేమందరం అలాగే అనేవాళ్ళం. మావ ఇంజను పక్కకి ఒరిగి పడిపోయింది. డ్రైవరు పోయాడని కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్‌లో మా రైల్వే కోటర్సుకి కబురొచ్చింది. కబురొచ్చేసరికి మా అత్త నోట్లో ముద్ద ఉంది. మర్నాడు మావ చేతికి కట్టుతో మిలిటరీ లారీలోంచి దిగాడు.

"నువ్వు సచ్చిపోనావని ఆళ్ళు సెప్తావుంటే నాను బువ్వ తింటన్నాను. ఇంక నీ కూత కూసినాకే నా ముద్ద" అన్నదట ఆవిడ. మావ ఎంత చెప్పినా వినలేదు. ఈ కుటుంబంలో మొండితనం అందరికీ సమానంగా పంచి ఇచ్చారు.

మావ కూత గురించి కూడా చెప్పాలి. ఆవిరింజను కూతకి తీగ లాగడంలో ఒక్కో డ్రైవరుది ఒక్కో చేయి. మావది రెండు పొట్టి కూతలు, తరవాత ఒక పొడుగు కూత. ఆ పొడుగుది చివరికి వచ్చేసరికి సన్నగా పైకి లేచి, అక్కడ కాసేపు వణికి ఆగిపోయేది. బ్రిక్‌ఫీల్డ్స్ రైలు గేటు దగ్గర అది వినపడగానే కోటర్సులో పిల్లలందరూ నోటితో అలాగే కూసేవాళ్ళు. మావకి అదంటే మహా గర్వం, పైకి మాత్రం ఏమీ ఎరగనట్టు ఉండేవాడు.

నేను చెప్పేది మెర్డెకా వచ్చిన ఏడాది సంగతి. దేశానికి స్వతంత్రం వస్తోందని ఊరంతా తోరణాలు కడుతున్నారు. నాకు ఆరో నెల నడుస్తోంది. ఆ రోజుల్లోనే ఒకనాడు సాయంత్రం జయరామ్ సెంటుల్ రైల్వే వర్క్‌షాపు నుంచి ఉరుకుల మీద ఇంటికొచ్చాడు. అతను అక్కడ ఫిట్టరు.

"అయ్యా, కొత్త డీజిలింజన్లు దిగినాయయ్యా! పొగగొట్టం లేదు, నిప్పు లేదు, నీళ్ళు లేవు. మీట తిప్పితే సాలు, ఎన్నపూస మీద సెయ్యేసినట్టు ఎల్తంది."

మావ మజ్జిగన్నం కలుపుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"దానికి ముందొక మొకం, ఎనకొక మొకం ఉందట గదా."

"అవునయ్యా, రెండేపులా తోలొచ్చు. తిప్పక్కర్లేదు."

"రెండు మొకాల మనిసినే నాను నమ్మను. బండినేటి నమ్మేది?"

జయరామ్‌కి తిక్క రేగింది. "నువ్వు నమ్మినా నమ్మకపోయినా మెయిలు బండికీ పాసింజరుకీ ఇంక అదే. నేర్సుకోకపోతే నిన్ను కిందకి దింపేస్తారు."

"దింపరు. ఫోర్మనే సెప్పినాడు. డీజిలు తరగతికి రాను అన్నోడికి లిపిస్ లైను ఇస్తారట. అక్కడింకా ఆవిరింజనే."

 లిపిస్ లైనంటే అడవి లైను. కౌలాలంపూర్ చుట్టుపక్కల కొండవాళ్ళ భయం తగ్గి, కాపలా ఇసక బస్తాలు తీసేస్తున్న రోజులవి. లిపిస్ వైపు మాత్రం ఇంకా పాసింజరు బండికి ముందు ఒక ఉత్త ఇంజను పంపి, అది క్షేమంగా దాటాకే వెనక బండి వదులుతున్నారని చెప్పుకునేవారు. ఈ వయసులో మళ్ళీ అక్కడికా? అత్త మావ ముఖం వైపే చూస్తూ ఉంది. మెర్డెకాకి ముందే ఏదో ఒక మాట చెప్పమని ఫోర్మను గడువు పెట్టాడట. మావ చేయి కడుక్కుని వరండాలోకి వెళ్ళిపోయాడు.

"భయం అయ్యకి. ఈ వయసులో కొత్తది నేర్సుకోడం నామోసీ" అన్నాడు జయరామ్. నేనూ అలాగే అనుకున్నాను.

అత్త సంగతి నాకు తెలిసింది ఆ తరవాత వారం. అత్త నన్ను మొదటినుంచీ ఒక విషయంలో ఏడిపించేది. "మీ అమ్మ నీకు గట్టిగా మాటాడ్డం నేర్పనేదేటే? ఎలక పిల్లలాగ ఆ గొంతేటి?" అనేది. నాది సన్నగొంతే, కాదనను. మా పుట్టినూరు హుటాన్ మెలింటాంగ్‌లో సముద్రపు గాలిలో అరిచి మాట్లాడుకునే మనుషుల మధ్య పెరిగినా నా గొంతు పెరగలేదు. అందుకని వేళాకోళం చేస్తే పడేదాన్ని.

ఆ మధ్యాహ్నం అత్త వంటింటి గడప దగ్గర కూర్చుని మునగాకు దూస్తోంది. నేను వెనక కొళాయి దగ్గర బట్టలు పిండుతున్నాను. నేల అదిరింది. అలమరలో ఇత్తడి గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. అత్త లేచి, "అదిగో, మీ మావ కూసినాడు" అంటూ కంచం తిప్పి అన్నం పెట్టుకుంది. నేను పరుగున వచ్చాను. కూత లేదు పాడూ లేదు. పోయింది మిలిటరీ సరుకుల బండి. మావ బండి రావడానికి ఇంకా చాలా సేపుంది.

"అత్తా, అది గూడ్సు బండి. మావ ఇంకా రానేదు."

ఆవిడ నాకు వీపు పెట్టి కూర్చుని ముద్ద కలుపుతోంది. మళ్ళీ పిలిచాను. పలకలేదు. ఇంకోసారి పిలిచి, ముద్ద నోటిదాకా వెళ్తుంటే గబుక్కున భుజం పట్టుకున్నాను. తిరిగి నా పెదాల వైపు చూసింది. నేను మళ్ళీ అదే మాట చెప్పాను. ఆవిడ చేతిలో ముద్ద కంచంలోకి జారిపోయింది.

అప్పుడు తెలిసింది నాకు. నా సన్నగొంతు మీద వేళాకోళమంతా ఎందుకో, బండి వచ్చే వేళకి నేల మీద అరచెయ్యి ఆనించి అదురు కోసం ఎందుకు కూర్చుంటుందో అంతా ఒక్కసారే తెలిసింది. ఆవిడ ఎదురుగా చతికిలబడ్డాను.

"ఎన్నాళ్ళనుంచి అత్తా?"

"నువ్వు రాకముందు సలిజొరానికి ఆ సేదు మాత్రలు మింగినాను, అప్పట్నుంచి. రెండేళ్ళు దాటింది. సన్న సప్పుళ్ళన్నీ పోనాయే. నీ గొంతు, పిట్టలు, గజ్జెలు, ఆ కూత. మీ మావ గొంతు ఇనబడతాది. ఉరిమితే ఇనబడతాది. అంతే."

"మావకి సెప్పి ఆసుపత్రికి ఎల్దాం."

నా చేయి గట్టిగా పట్టుకుంది. మునగాకు వాసన వేసింది ఆ చెయ్యి.

"మావకి సెప్పకు. నా మీద ఒట్టు. ఒలే కన్నమ్మా, ఆ అడవుల్లోంచి వొచ్చీటప్పుడు ఆడు ఏటనుకుంటాడో తెల్సా? గేటు కాడికెల్లి కూత కూస్తే నా ఇంటిది బువ్వ తింటాది అనుకుంటాడు. అదే ఆడ్ని ఇంటికి తోలుకొస్తంది. అది నాకు ఇనబడ్డం లేదని తెలిస్తే ఇంకెవుల కోసం కూస్తాడు?"

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ మాత్రం ఏడవలేదు, ఆ కలిపిన అన్నాన్ని ఒక గిన్నెలోకి తీసి మూతపెట్టింది. ఇద్దరం ఒక ఏర్పాటు చేసుకున్నాం. కూత వినగానే నేను ఎక్కడున్నా వచ్చి కంచం తిప్పాలి. ఆవిడ కంచం వైపు చూస్తూ ఉంటుంది. ఆ రోజు నుంచి నేను ఆ సమయానికి ఇల్లు కదిలేదాన్ని కాదు. పక్కింటి కామాచ్చి సాయంత్రం పూట గుడికి రమ్మని పిలిచినా వెళ్ళలేదు. కడుపుతో ఉన్న పిల్లకి దేవుడంటే భక్తి లేదని ఆవిడ అనుకుని ఉంటుంది.

ఒక ఆదివారం మావకి సెలవు. వరండాలో కూర్చుని పాత చెక్కలతో ఉయ్యాల స్టాండు తయారు చేస్తున్నాడు, పుట్టబోయే మనవడికో మనవరాలికో. అత్త గుడికి వెళ్ళింది. నేను కాఫీ తెచ్చి పక్కన పెట్టాను.

"పురిటికి నిన్ను ఎప్పుడంపుతాం?"

"మెర్డెకా ఎల్లినాక మావా. ఏడో నెలలోనే రమ్మంది మా అమ్మ."

మావ మేకు కొడుతున్నవాడు సుత్తి కింద పెట్టాడు. నన్ను చూడకుండా చెక్కనే చూస్తూ అన్నాడు.

"నాకు డీజిలంటే బయమని మీ ఆయన అంటన్నాడు గదా."

నేను కాఫీ గ్లాసు దగ్గరికి జరిపాను.

"బయం లేదే. ఆడు నేర్సుకున్నది నాను నేర్సుకోలేనా? దానికి కూత లేదే, అదీ గొడవ. బూర ఉంటాది, లారీకున్నట్టు. నాను నొక్కినా, మణియం నొక్కినా, ఎవుడు నొక్కినా అదే గొంతు. నాను వొచ్చినానని మీ అత్తకి ఎలగ తెలుస్తాది? ఇంకెవుడో అనుకుని అలగే కూకుంటాది, కడుపు మాడ్సుకుని. లిపిస్‌లో కోటర్సు టేసన్ పక్కనేనట. ఆవిరింజనే. నా కూత నాకుంటాది, మీ అత్త బువ్వ మీ అత్తకుంటాది."

మణియం మావ దగ్గర నిప్పు వేసే ఫైర్‌మన్, కామాచ్చి మొగుడు. అతను ఎంత అడిగినా మావ ఈ కారణం చెప్పలేదట, సిగ్గేసి.

నేను వరండా స్తంభం పట్టుకుని నిలబడ్డాను. ఈయన ఆవిడ కోసం ప్రాణం మీదికి తెచ్చుకుని అడవిలోకి పోతానంటున్నాడు, ఆవిడ చెవిన పడని కూత కోసం. ఒక్క మాట చెబితే అయిపోతుంది. కానీ ఒట్టు వేయించుకుంది కదా! నోటిదాకా వచ్చిన మాటని మింగేసి లోపలికి వచ్చాను.

వంటింట్లో చాలాసేపు ఆలోచించాను. అత్త చెప్పినది మావకి చెప్పనని ఒట్టు వేశాను గానీ, మావ చెప్పినది అత్తకి చెప్పనని ఎవరికీ మాటివ్వలేదు. అత్త గుడి నుంచి రాగానే చెప్పులైనా విప్పకుండానే ఎదురుగా నిలబెట్టి, నెమ్మదిగా, పెదాలు కనపడేలాగ మొత్తం చెప్పాను.

ఆవిడ ముందు నవ్వింది. "పిచ్చిమనిసి" అంది. తరవాత పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కొళాయి దగ్గరికి వెళ్ళి, చాలాసేపు కాళ్ళు కడుక్కుంది.

ఆ పూట భోజనాల దగ్గర మావకి పులుసు పోస్తూ, కూరలో ఉప్పు సంగతి అడిగినట్టు అడిగింది.

"డీజిలు తోలడానికి ఒప్పుకున్నావా?"

"లేదు."

"ఒప్పుకో."

"దాని సంగతి నీకేటి తెల్సు?"

"నాకా తెలీదు? మొన్న పరీచ్చ కోసమని ఒకటి మన గేటు దాటలేదా? ఇన్నాను. ఎవుడో కుర్రోడు నొక్కినాడు. గాబరా గాబరాగా నొక్కినాడు. ఆ సెయ్యి కుర్రోడిదని తెలిసినదాన్ని, నువ్వు నొక్కితే తెల్సుకోనేనా?"

నేను గ్లాసు ఎత్తి ముఖం దాచుకున్నాను. ఆ పరీక్ష బండి దాటిన పూట అత్తా నేనూ సెంట్రల్ మార్కెట్లో చేపలు బేరం చేస్తున్నాం. దాని బూర ఎలా ఉంటుందో ఆవిడకి తెలియదు, నాకూ తెలియదు.

మావ చేయి కంచంలోనే ఆగింది. "నిజంగా ఇన్నావా?"

"ఇనకేం? నా సెవులకేటయింది?"

జయరామ్ ఇటు చూసి అటు చూసి అందుకున్నాడు. అతనికి అసలు కథ తెలియదు, అయినా అప్పుడు పనికొచ్చే మాటే అన్నాడు. "బూర ఒక్కటే అయినా, నొక్కడం నీ సేతిలోనే ఉంది గదయ్యా. రెండు పొట్టి, ఒక పొడుగు. అలగే నొక్కు. ఎవులొద్దన్నారు?"

మావ కంచంలో అన్నం ఖాళీ చేశాడు. ఇంకో గరిటె పులుసు అడిగి పోయించుకున్నాడు. ఆ గరిటెతోనే మాకందరికీ జవాబు తెలిసిపోయింది. మర్నాడు ఫోర్మనుకి ఒప్పుకుంటున్నానని చెప్పి వచ్చాడు.

ఆ తరవాత మా వరండా ఇంజనై కూర్చుంది. జయరామ్ పీట వేసి మావని కూర్చోబెట్టి, ఎదురుగా నా వంటసామాను పరిచేవాడు. అట్లకాడ వేగం పెంచే మీట, పప్పుగుత్తి బ్రేకు, చెక్క మూత గడియారం లాంటిదేదో. కొడుకు తప్పు పట్టుకుంటే తండ్రి కసిరేవాడు, తండ్రి సరిగ్గా చెబితే కొడుకు తొడ మీద చరుచుకునేవాడు. నేను వచ్చిన ఈ రెండేళ్ళలో వాళ్ళిద్దరూ అన్ని మాటలు మాట్లాడుకోవడం నేను చూడలేదు. నాకు అట్లకాడ దొరక్క దోసెలు మాడిపోయినా నేను నోరెత్తలేదు.

మెర్డెకాకి ముందు రోజు మావ ఆవిరింజను మీద ఆఖరి బండి తెచ్చాడు. మణియం ఇంజను ముందు కొత్త జెండాలు కట్టి, మందారాల దండ వేశాడట. దక్షిణం నుంచి సంబరాలు చూడడానికి వచ్చే జనంతో పెట్టెలన్నీ కిటకిటలాడుతున్నాయి. గేటు దగ్గర మొదలుపెట్టిన కూత మావ ఆపలేదు. రెండు పొట్టివి, ఒక పొడుగు, మళ్ళీ రెండు, మళ్ళీ పొడుగు. పొడుగుది ప్రతిసారీ పైకి లేచి వణికింది. కోటర్సులో ఆడవాళ్ళందరూ చేతిలో పని చేతిలోనే పెట్టుకుని బయటికి వచ్చేశారు.

అత్త కూడా వచ్చింది. అందరూ లైను వైపు చూస్తుంటే ఆవిడ కామాచ్చి ముఖం చూస్తోంది. కామాచ్చి నవ్వితే నవ్వింది. కామాచ్చి కళ్ళు తుడుచుకుంటే తానూ తుడుచుకుంది.  ఆ కూత మళ్ళీ రాదు. అది ఎవరి కోసమో ఆ మనిషికి తప్ప అందరికీ వినపడింది. నేను లోపలికి వెళ్ళి కంచం తిప్పాను.

తరవాత మావ కొన్నాళ్ళు సెంటుల్ వైపు డీజిలు మీద పని నేర్చుకోవడానికి వెళ్ళాడు. మొదటి రోజు తమాషా చెప్పకపోతే నాకు తోచదు. మావ పనినుంచి వచ్చేసరికి పెరట్లో పెద్ద అండాలో నీళ్ళు కాచి, కుంకుడుకాయలు కొట్టి ఉంచడం అత్త అలవాటు. మసి వదలాలంటే అంత సరంజామా కావాలి. ఆ రోజు మావ మెట్లెక్కి వచ్చేసరికి చొక్కా ఇస్త్రీ నలగలేదు. ముఖం పొద్దున గీసుకున్న గడ్డంతో నున్నగా మెరుస్తోంది. అత్త చేతిలో చెంబు కింద పడేసింది.

"పనిలోంచి తీసేసినారా?"

"ఏటే?"

"దాయకు. ఎక్కనియ్యలేదా బండి? బండెక్కినోడి మొకమా అది?"

మావ గోడ పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి మెట్టు మీద కూలబడ్డాడు. డీజిలు గదిలో మసి ఉండదనీ, కుర్చీలో కూర్చుని తోలడమేననీ ఎంత చెప్పినా ఆవిడ నమ్మలేదు. జయరామ్ వచ్చి చెప్పాకే నమ్మింది. "ఒంటికి మసి అంటకపోతే అదేటి పనే?" అని మళ్ళీ గొణిగింది. కాగిన నీళ్ళు పారబోయడం ఎందుకని మావ కుంకుడుకాయ రసంతో తలంటుకున్నాడు. మసి అంటని ఆ తలకి ఆ స్నానం ఎంత అవసరమో దేవుడికి తెలియాలి.

మావ ఒక్కడే డీజిలు మీద గెమాస్ పాసింజరు తెచ్చే రోజు రానే వచ్చింది. ఇంక రెండు రోజుల్లో నా ప్రయాణం. పెట్టె సర్దేశాను. పొద్దున్నే అత్త పొట్లంలో పసుపూ కుంకుమా కట్టి మావకిచ్చింది.

"రెండు మొకాలకీ పెట్టు బొట్టు. ఒకదానికి పెట్టి ఒకదానికి మానేకు, అలుగుతాది."

గంజి తాగి, కంచం కడిగి, పీట మీద బోర్లించింది. సాయంత్రం గడప దగ్గర లైనుకి వీపు పెట్టి కూర్చుని, ఒళ్ళో చేట పెట్టుకుని నెత్తళ్ళ తలలు తుంచుతోంది. నేను వంటింట్లో కంచం పక్కనే నిలబడ్డాను.  ఈ పూట తిప్పుతాను సరే, ఎల్లుండి నుంచి ఎవరు తిప్పుతారు? బండి వచ్చేది ఈ ముహూర్తానికే అని ఉండదు, ఒక్కోరోజు చీకటి పడిపోతుంది. నేల అదిరితే అది ఎవరి బండో తెలియక, నిజంగా మావ వచ్చినప్పుడు నమ్మలేక ఈవిడ ఎన్ని పూటలు పస్తుంటుందో. కామాచ్చికి చెబుతానంటే వద్దని తల అడ్డంగా ఊపింది. మావ వచ్చి బోర్లించిన కంచం చూశాడంటే ఆ అబద్ధం కాస్తా బయటపడుతుంది, మావ మర్నాడే లిపిస్ దారి పడతాడు. 

అప్పుడు వచ్చింది.

అది కూత కాదు. రెండుసార్లు పొట్టిగా, ఒకసారి పొడుగ్గా, లావుపాటి గొంతుతో ఏదో రంకె వేసింది. అంత మొరటు చప్పుడు నేను అంతవరకూ వినలేదు. నా కడుపులో బిడ్డ కూడా కదిలింది. నా చేయి కంచం మీదికి వెళ్ళేలోగా అత్త ఒళ్ళోంచి చేట జారి, నెత్తళ్ళన్నీ గడపంతా చిందాయి.

"ఒలమ్మా! ఏటే అది? దున్నపోతు గానీ లైనెక్కిందేటి?"

అని, అలాగే ఉండిపోయింది. తరవాత చేప అంటిన వేళ్ళు ఒక్కొక్కటే మడిచింది. రెండు. ఒకటి.

నా వైపు తిరిగింది. నేను రెండు చేతులూ పైకెత్తి చూపించాను. నేను కంచం ముట్టుకోలేదు. నేల ఇంకా అదరలేదు, అలమరలో గ్లాసులు ఇంకా కదల్లేదు. బండి ఇంకా గేటు అవతలే ఉంది.

అత్త మోకాళ్ళ మీద చేయి ఆనించి లేచింది. పీట దగ్గరికి వచ్చి, తన కంచాన్ని తనే వెల్లకిలా తిప్పింది. అన్నం మాత్రం పెట్టుకోలేదు. పీట పక్కన చతికిలబడి, ఆ ఖాళీ కంచం ఒళ్ళో పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. మధ్య మధ్య నవ్వుతోంది.

"ఎంత ఎదవ గొంతే దానిది! ఎంత ఎదవ గొంతే!"

నేను పక్కన కూర్చుని ఆవిడ వీపు నిమిరాను. నాకు ఆ క్షణంలో ఆ రెండు ముఖాల ఇంజను మీద వచ్చినంత ప్రేమ ఇంకే యంత్రం మీదా రాలేదు. ఇప్పుడు మా ఇంటి మీదుగా మోనోరైలు పోతుంది, కింద కరెంటు బండ్లు చప్పుడు లేకుండా జారిపోతాయి. మనవలు వాటిని మెచ్చుకుంటారు. నేను మెచ్చుకోను.

మావ వచ్చేసరికి అత్త ముఖం కడుక్కుని, నెత్తళ్ళు ఏరి, అన్నం తింటోంది. మావ మెట్ల మీదే ఆగిపోయాడు. తెల్లటి చొక్కా, నలగని చొక్కా. లోపలికి రావడానికి భయపడే కొత్త అల్లుడిలా నిలబడి అడిగాడు.

"ఇనబడిందా?"

"ఇనబడకేం? ఊరంతా ఇనబడుంటాది. ఏటా గొంతు, అసయ్యంగా."

మావ ముఖం చిన్నబోయింది. "మరేటి సేస్తాను? దాని గొంతే అంత."

అత్త ఇంకో ముద్ద కలిపింది. నోట్లో పెట్టుకోబోయి ఆగి, మావని తేరిపార చూసింది.

"రేపు ఇంకాస్త సేపు నొక్కు" అంది.

రెండు రోజుల తరవాత నేను పురిటికి బయలుదేరాను. స్టేషనుకి వెళ్ళేముందు వంటింట్లోకి తొంగి చూశాను. కంచం పీట మీద బోర్లించి ఉంది. దాని గురించి నాకు బెంగ లేదు.